వేళ్ల చివర తిమ్మిరి

హెల్మెట్ ఎక్కడ పెట్టావని అతను తల్లిని అడగడం అది నాలుగోసారి. ఈసారి కూడా ఆవిడ చేతిలోని చొక్కా మీంచి తలెత్తలేదు.

"నాకేం తెలుసు నాన్నా," అంది.

ఆవిడకి తెలుసని ఇంట్లో అందరికీ తెలుసు. నిన్న సాయంత్రం దాకా ఆ పసుపు హెల్మెట్ గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూనే ఉంది. బూట్లు ఉన్నచోటే ఉన్నాయి. నడుముకి కట్టుకునే బెల్టూ ఉంది. హెల్మెట్ లేనివాణ్ణి సైటు గేటు దాటనివ్వరన్న సంగతి, పద్దెనిమిదేళ్లుగా కొడుకు పనికెళ్లడం చూస్తున్న మనిషికి ఒకరు చెప్పాలా?

"చూశావా మీ అత్తగారి వరస?" అన్నాడు భార్యతో.

"ఆవిడ దాచకపోయుంటే నేను దాచేదాన్ని," అందామె.

నిన్నటి నుంచి అత్తాకోడళ్లు ఒక్క మాట మీద నిలబడింది ఈ హెల్మెట్ విషయంలోనే. మిగతా అన్నిటికీ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు.

అతన్ని సైటులో గద్ద అంటారు. నేలకి డెబ్బై మీటర్ల పైన, కాళ్లు చాపుకోవడానికి కూడా చాలని క్రేన్ అద్దాల క్యాబిన్‌లో కూర్చుని, రెండు చేతుల్తో రెండు లివర్లు పట్టుకుని, టన్నుల బరువుని గూట్లో గుడ్డు పెట్టినంత మెత్తగా దించుతాడు. ఇన్నేళ్లలో అతని కొక్కెం కింద ఒక్క మనిషికి గోరు ఊడలేదు.

అలాంటివాడు సోమవారంనాడు, రెండు టన్నుల ఇనుప చువ్వల కట్ట గాల్లో ఉండగా, వేళ్లు మొద్దుబారి, పెదాలు తిమ్మిరెక్కి, గుండె గొంతులోకి వచ్చినట్టయి, వాకీటాకీలో ఒకే ఒక్క మాటన్నాడు: "కింద అందర్నీ తప్పించు." కట్టని ఖాళీ జాగాలో దించాడు. ఆ తర్వాత యాభై నిమిషాలు నిచ్చెన దిగలేక పైనే కూర్చుండిపోయాడు.

ఇంట్లో మాత్రం జలుబు చేసిందని చెప్పి మూడు రోజులు పడుకున్నాడు. నిన్న సాయంత్రం, కింద నిలబడి అతనికి సైగలు చేసే మనిషి, అందరూ ఈల అని పిలిచే అతను, పరామర్శకని వచ్చి ఉన్నదంతా చెప్పేశాడు. అప్పటినుంచీ ఇల్లు ఇల్లులా లేదు.

"ఇవాళ స్లాబు పోస్తున్నారు. సూపర్‌వైజరు రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను లేకపోతే పని ఆగిపోతుంది," అన్నాడు గద్ద.

ఆగితే ఆగనీ అంది భార్య. రెండు నెలలుగా రోజుకి పన్నెండేసి గంటలు పైన కూర్చుంటుంటే ఎవరికైనా ఇలాగే అవుతుందనీ, ఇదంతా టెన్షననీ, తను పనిచేసే మందుల షాపుకి రోజూ ఇలాంటివాళ్లు పదిమంది వస్తారనీ చెప్పుకొచ్చింది. నాలుగు రోజులు నిద్రపోతే అదే పోతుందని ఆమె ధీమా.

అత్తగారు సూదిని చొక్కాలో గుచ్చి పక్కన పెట్టింది.

"టెన్షన్‌కి పెదాలు మొద్దుబారతాయా అమ్మాయ్?"

"బారతాయి అత్తయ్యా."

"వేళ్లు వంకర్లు పోతాయా?"

"పోతాయి. మీరు ఊరికే ఆయన్ని భయపెట్టకండి."

"నేను భయపెడుతున్నానా? వాళ్ల నాన్నకి మొదలైనప్పుడు కూడా అందరూ ఇదే మాటన్నారు. ఏం లేదు, అలసట అన్నారు."



తండ్రి జబ్బు గురించి ఆ ఇంట్లో పదహారేళ్లుగా ఎవరూ నోరెత్తలేదు. ఆయన పుస్తకాల బైండింగు చేసేవాడు. ఒకరోజు చేతిలోంచి సూది జారింది. ఆర్నెల్లకి గ్లాసు జారింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ కరిగి గుంట పడింది. రెండున్నరేళ్లకి ఆయనే లేకుండా పోయాడు. ఫోటో గోడ మీద ఉంది. సంవత్సరానికోసారి దాని దుమ్ము తుడుస్తారు. అంతకుమించి ఆయన మాట రాదు.

గద్ద బూట్ల లేసులు కట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, బొటనవేలి పక్కన కండని నొక్కి చూసుకున్నాడు. చూసుకుంటున్నట్టు తనకే తెలియదు. భార్య చూసింది. ఆ పని అతను చాలా రోజులుగా చేస్తున్నాడని ఆమెకి అప్పుడు తట్టింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఈల నిలబడ్డాడు. బండి మీద ఎక్కించుకు రమ్మని సూపర్‌వైజరు పంపాడట. వచ్చాడేగాని లోపలికి రాలేదు.

"నన్నెందుకు పంపాడో నాకూ తెలుసు, నీకూ తెలుసు," అన్నాడు. "నేను మాత్రం రమ్మనను అన్నా. అలాగని వద్దనీ అనను. పదేళ్లుగా నువ్వు దించుతున్నావంటే ఆ బరువు కింద చెయ్యి పెట్టినవాణ్ణి. ఇవాళ పెట్టమంటావా? నువ్వంటే పెడతాను."

గద్ద బూట్ల మీదికి వంగాడు. ఒక లేసు విప్పాడు. రెండోదీ విప్పాడు. బూట్లు గోడకి ఆనించి, తనే సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు.

అవతల్నుంచి ఏం కేకలు వినపడ్డాయో ఏమో, అతని గొంతు మాత్రం పెరగలేదు. జలుబు కాదు సార్, అబద్ధం చెప్పాను, అన్నాడు. పైన ఉండగా చేతులు పట్టు తప్పాయని, కారణం తెలిసేదాకా ఎక్కనని, తన బదులు ఇంకొకర్ని పెట్టుకోమని చెప్పాడు. ఆఖరికి, "ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం సార్. కింద మనుషులుంటారు," అని పెట్టేశాడు.

ఈల లోపలికి వచ్చాడు. గద్ద భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, తీసి, వెళ్లిపోయాడు.

భార్య ఆ రోజు షాపుకి సెలవు పెట్టింది. పాత క్యాలెండరు కాగితం చించి, వెనకవైపు గీతలు గీసి భర్త ఎదురుగా కూర్చుంది. ఎప్పుడెప్పుడు వచ్చింది, ఏ చెయ్యి, ఒకటా రెండా, ఎంతసేపు, అప్పుడేం చేస్తున్నారు, దానికి ముందు ఏం ఆలోచిస్తున్నారు అని ఒక్కొక్కటే అడిగింది. మొదట విసుక్కున్నాడు. తర్వాత చెప్పాడు. పడుకున్న మూడు రోజుల్లో ఒకటి, అంతకుముందు నెలలో పది, మొత్తం పదకొండు సార్లు. సోమవారంది తప్ప ఒక్కదాని గురించీ ఆమెకి తెలియదు.

"నాతో చెప్పొచ్చుగా," అంది.

"చెబితే నిజమైపోతుందనిపించింది," అన్నాడతను.

టెన్షనే అని ఆమె మళ్లీ అనలేదు.

మర్నాడు పొద్దున పదింటికి ముగ్గురూ పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు గది ముందు బల్ల మీద ఉన్నారు. అత్తగారిని రావొద్దన్నారు, ఆవిడ వినలేదు. వాళ్ల నాన్న సంగతి నాకంటే బాగా ఎవరు చెబుతారని అడిగింది. 

డాక్టరుకి యాభై దాటి ఉంటాయి. తల సగం నెరిసింది. బయట ఇరవైమంది ఎదురుచూస్తున్నా ఆవిడలో తొందర కనిపించలేదు. క్యాలెండరు కాగితం అందుకుని మొదట్నుంచి చివరిదాకా చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది.

"ఇది ఎవరు రాశారు?"

భార్య బెరుగ్గా తనేనంది.

"మా దగ్గర పైచదువు చదివే పిల్లలకి చూపిస్తాను. ఇంత బాగా రాయమని," అంది డాక్టరు.

ఆ ఒక్క మాటకి భార్య కళ్లు చెమర్చాయి. అది చూడనట్టు డాక్టరు గద్ద వైపు తిరిగింది.

అడగాల్సినవన్నీ అడిగింది. నడుస్తుంటే కాలు ఈడుస్తోందా? మెట్లెక్కుతుంటే మోకాలు లొంగిపోతోందా? చేతిలోంచి వస్తువులు జారుతున్నాయా? మాట తడబడుతోందా, నీళ్లు మింగుతుంటే పొలమారుతోందా? అన్నిటికీ లేదన్నాడు. తిమ్మిరి ఒకసారి వచ్చాక అక్కడే ఉండిపోతోందా? లేదు, అరగంటకి పోతోంది. ఒకవైపేనా? రెండు చేతులకీ, మూతి చుట్టూ. అప్పుడప్పుడు కనురెప్ప అదురుతుందని, పిక్కలో కండ దానంతటదే ఎగురుతుందని కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు తల్లి వైపు చూడలేదు.

"మీ నాన్నగారికి ఎన్నేళ్లప్పుడు మొదలైంది?"

 తల్లే చెప్పింది. నలభై మూడు.

"మీకిప్పుడు?"



"పోయిన నెల నలభై మూడు నిండాయి," అన్నాడు గద్ద.

డాక్టరు తలూపింది. అయ్యో అనలేదు, ఫరవాలేదూ అనలేదు. రెండు అరచేతులూ రుద్ది వెచ్చచేసుకుని అతని చెయ్యి పట్టుకుంది. ఇంట్లో అతను నొక్కి చూసుకున్న చోటే, బొటనవేలి పక్కన, తనూ నొక్కి చూసింది. వేళ్లు విప్పార్చమని, తను మూస్తుంటే మూయనివ్వొద్దని అంది. పిడికిలి బిగించమంది. చిన్న సుత్తితో మోకాళ్ల మీద, మోచేతుల మీద తట్టింది. తట్టి మోగించిన రెండు కొమ్ముల ఇనుప కడ్డీని కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, అదురు ఆగినప్పుడు చెప్పమంది. నాలుక బయటపెట్టించి టార్చి వేసి చూసింది. మడమల మీద నడిపించింది, మునివేళ్ల మీద నడిపించింది, కళ్లు మూయించి నిలబెట్టింది. నలభై నిమిషాలు పట్టింది. చేసిన ప్రతి పరీక్షా ఎందుకో ముందే చెప్పి చేసింది.

ఆ తర్వాత, లోపలికి వచ్చే ముందు తీయించిన గుండె పరీక్ష కాగితం ఒకసారి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడొక పని చేద్దాం. నేను ఆపమనేదాకా వేగంగా, గట్టిగా ఊపిరి తీసి వదులుతూ ఉండండి. నేను ఇక్కడే ఉంటాను."

మొదలుపెట్టాడు. అరనిమిషానికి ఏమీ లేదు. నిమిషానికి మొహం పాలిపోయింది. రెండో నిమిషం సగంలో చేతులు పైకెత్తి తనే వాటిని వింతగా చూసుకున్నాడు. వేళ్లు దగ్గరికి ముడుచుకుంటున్నాయి. భార్య లేవబోయింది. డాక్టరు ఉండమని సైగ చేసింది.

"పెదాలు?"

"మొద్దుబారాయి."

"సోమవారం పైన వచ్చింది ఇదేనా?"

"ఇదే," అన్నాడు. "ఇదే డాక్టర్‌గారూ. అచ్చం ఇదే."

"ఇక నెమ్మదిగా. నాతో పాటు."

ఆవిడ తీసినప్పుడు తీసి, వదిలినప్పుడు వదిలాడు. నాలుగైదు నిమిషాల్లో వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అతను వాటిని కదిపి కదిపి చూసుకున్నాడు. ఎవరో తన వస్తువు తనకి తెచ్చి ఇచ్చినట్టుంది అతని మొహం.

"అంటే ఇదంతా నేను ఊహించుకున్నానా?"

"లేదు. తిమ్మిరి నిజం, వేళ్లు ముడుచుకోవడం నిజం. భయం వేసినప్పుడు మనకి తెలియకుండానే ఎక్కువ ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పాలు తగ్గుతుంది. అప్పుడు బాగున్న నరాలే జివ్వుమంటాయి. నరం చెడితే వచ్చే తిమ్మిరి ఇలా పిలవగానే వచ్చి, పొమ్మనగానే పోదు. అది ఒకచోట పట్టుకుని కూర్చుంటుంది. బలం తగ్గుతుంది, కండ తగ్గుతుంది, సుత్తి దెబ్బకి కాలు తేడాగా లేస్తుంది. మీలో ఇవేవీ నాకు కనపడలేదు. కండ ఎగరడం అలసినవాళ్లకి, భయపడేవాళ్లకి మామూలే. బలం తగ్గకుండా ఒట్టిగా ఎగిరితే నేను కంగారుపడను."

అయినా నరాల్లో కరెంటు ఎలా పోతుందో చూసే పరీక్ష, రక్త పరీక్ష చేయిస్తానంది. తన మాట మీద అనుమానం ఉండి కాదట. ఇంటికెళ్లాక అతనికి అనుమానం రాకుండా ఉండటానికట. మనసు సంగతి చూసే డాక్టరు దగ్గరికి చీటీ రాసింది. నెల రోజులు క్రేన్ ఎక్కొద్దని కూడా రాసింది.

"నెల తర్వాత?" అన్నాడు.

"నాకు నమ్మకం కలిగితే నేనే ఎక్కమని రాసిస్తాను. సూపర్‌వైజరుకి మీరే ఫోన్ చేసి ఎక్కనని చెప్పారటగా. మీ ఆవిడ కాగితం అడుగున రాసింది. ఆ పని అందరూ చెయ్యరు."

గద్ద తల దించుకున్నాడు. మెచ్చుకుంటే ఎలా నిలబడాలో తెలియని మనిషి అతను.

నర్సు వచ్చి పరీక్ష గదికి పిలిచింది. భార్య వెంట వెళ్లింది. తలుపు దాటుతూ అతను వెనక్కి తిరిగి తల్లిని చూసి నవ్వాడు. నెల రోజుల తర్వాత ఆవిడ చూసిన మొదటి నవ్వు అది.

"అమ్మా, మీవారి జబ్బు వివరాలు మీరు చెప్పారు కాబట్టి ఇక్కడ మీ సంతకం కావాలి," అంది డాక్టరు.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని నెమ్మదిగా రాసింది. కాగితం తిప్పి ఇచ్చి లేవబోయింది.

డాక్టరు ఆ కాగితాన్ని పక్కన పెట్టలేదు. పేరులో మొదటి అక్షరం మామూలుగానే ఉంది. రెండోది కాస్త చిన్నది. పోనుపోను అక్షరాలు చిక్కిపోయి, పేరు చివరికి వచ్చేసరికి చీమ తలంత అయ్యాయి.

"ఆ కిటికీ దాకా నడిచి వస్తారా?"

"నేనా? దేనికి?"

"ఊరికే."

వెళ్లింది, తిరిగి వచ్చింది. ఎడమ చెయ్యి నడకతో పాటు ఊగింది. కుడి చెయ్యి ఒంటికి అంటుకుని ఉండిపోయింది. తిరిగేటప్పుడు ఒక్క అడుగుతో తిరగాల్సింది, నాలుగైదు చిన్న అడుగులు పడ్డాయి.

"ఎన్నాళ్ల నుంచి అమ్మా?"

"మీరు మావాడి సంగతి చూడండి డాక్టరమ్మా."

"చూశాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆవిడ కూర్చుంది. కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని దాని మీద ఎడమ చెయ్యి వేసింది. ఏడాదిన్నర అయిందని చెప్పింది. గంటకి పది గుండీ కాజాలు కుట్టే చెయ్యి నాలుగు కూడా కుట్టడం లేదు. పూల వాసన తెలియడం మానేసి ఇంకా ఎక్కువే అయింది. వీధి చివర డాక్టరుకి చెబితే, ఈ వయసులో కంగారు మామూలేనన్నాడు, నిద్రపట్టడానికి మాత్రలిచ్చాడు. రెండోసారి వెళ్లినా అదే అన్నాడు. మూడోసారి వెళ్లలేదు.

"ఇది కంగారు కాదు. ఇంకా పరీక్షలు చెయ్యాలి, ఇప్పుడే పేరు పెట్టను. కానీ ఒక్కటి చెబుతాను. మీవారికి వచ్చింది ఇది కాదు. దీనికి మందులున్నాయి. ఏడాదిన్నర కిందటే మొదలుపెట్టి ఉండాల్సింది," అంది డాక్టరు.

ఆవిడ ఏడవలేదు. కొడుకుని పరీక్షిస్తున్న నలభై నిమిషాలూ, ఈ డాక్టరమ్మకి తన చెయ్యి కూడా చూపిస్తే అనుకుంటూనే కూర్చున్నానని, నోరు పెగల్లేదని అంది. తర్వాత చేతులు జోడించినంత పని చేసి ఒక మాట అడిగింది.

"వాడికి చెప్పకండి. మళ్లీ క్రేన్ ఎక్కేదాకా వద్దు. వాడి మొహంలో నవ్వు చూశారుగా. ఇది తెలిస్తే మళ్లీ మొదలవుతుంది."

"మీరు చెప్పకుండా నేను చెప్పను. కానీ ఆయన నన్ను అడిగితే అబద్ధమాడలేను," అంది డాక్టరు. కాసేపాగి నెమ్మదిగా, "వాళ్ల నాన్న గురించి ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడుకున్నారా అమ్మా?" అని అడిగింది.

"లేదు."

"ఆయన పదకొండు సార్లు భయపడి ఒక్కసారి కూడా మీకు చెప్పలేదు. మీరు ఏడాదిన్నర చెప్పలేదు."

 గోడ మీద మనిషి ఒంట్లోని నరాలన్నీ చూపించే పెద్ద బొమ్మ ఉంది. ఆవిడ దాని వైపు చూస్తూ ఉండిపోయింది. డాక్టరు తొందరపెట్టలేదు. బయట ఎవరో తలుపు తట్టారు, ఆగమంది.

పావుగంట తర్వాత గద్ద భార్యతో కలిసి తిరిగి వచ్చాడు. చేతికి పూసిన జిగురు ఇంకా తుడుచుకుంటున్నాడు. పరీక్ష బాగానే వచ్చిందట. ఇక ఇంటికెళ్లి హెల్మెట్ ఎక్కడ దాచావో చెప్పాలని, నెల రోజులు మేకుకి వేలాడదీసి చూసుకుంటూ ఉంటానని తల్లితో హాస్యమాడాడు. ఆవిడ లేవకపోవడం చూసి, "పదమ్మా," అన్నాడు.

భార్య అప్పటికే నవ్వడం ఆపేసింది. అత్తగారి మొహం చూసింది, డాక్టరు చేతిలోని కాగితం చూసింది.

తల్లి కుడి చేతి మీంచి ఎడమ చెయ్యి తీసేసింది. అది సన్నగా, ఆగకుండా వణుకుతోంది. ఈసారి దాచుకోలేదు. దాన్ని అలాగే బల్ల మీద, కొడుక్కి కనపడేలా పెట్టింది.

"కూర్చో నాన్నా," అంది. "మనింట్లో నరాల జబ్బు ఉన్నమాట నిజమే. అది నీకు కాదు."